చక్రం బెండు తీయిస్తే చాలా, రిమ్ము మార్చాలా?

తమ్ముడూ, చదివే మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి నీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. కడపలో బుగ్గవంక దగ్గర కాలువ మీద పరిచిన బండల సందులో నీ సైకిలు వెనక చక్రం పడింది. గేర్ల సైకిలు, 700సీ కొలత చక్రం, 36 పుల్లలు (స్పోకులు), డబుల్ వాల్, అంటే రెండు గోడల అల్యూమినియం రిమ్ము, రిమ్మును పట్టుకునే బ్రేకులు. రెండు పుల్లలు తెగి, చక్రం అటూ ఇటూ బ్రేకు రబ్బర్లకు తగలడం మొదలుపెట్టింది. మొదటి అంగట్లో 150 రూపాయలకు రెండు పుల్లలు వేసి బెండు తీసిచ్చారు. నాలుగో రోజు ఇంకో పుల్ల తెగింది. రెండో అంగట్లో చక్రం మొత్తం మార్చాలని 2200 అడిగారు. ఎవరి మాట వినాలి అని అడిగావు. రోజూ యోగి వేమన యూనివర్సిటీకి, ఆదివారాలు గువ్వలచెరువు ఘాటుకు ఇదే సైకిలు మీద పోతానని కూడా రాశావు. ఆ ఘాటు మాట చూశాకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

నేను ప్రొద్దుటూరులో 30 ఏళ్ళకు పైగా సైకిళ్ళు బాగుచేస్తున్నాను. నాకు తోచింది ముందే చెప్తాను. కొత్త రిమ్ము, కొత్త పుల్లలు వేయించు. హబ్బు, అంటే చక్రం నడుమ పుల్లలు దూరే భాగం, బాగుంటే అదే ఉంచు. మళ్ళీ బెండు తీయించడానికి డబ్బు పెట్టొద్దు. అయితే నేను నీ చక్రాన్ని చేత్తో పట్టి చూడలేదు, నువ్వు రాసింది మాత్రమే చదివాను. కింద చెప్పే పరీక్ష చేస్తే వేరే జవాబు వస్తే నా మాట పక్కన పెట్టి దాన్నే నమ్ము.

చక్రం నేరుగా తిరుగుతోందా లేదా అని అందరూ చూస్తారు. పుల్లల బిగువు సమానంగా ఉందా అని చూసేవాళ్ళు తక్కువ. చక్రం ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పేది ఆ బిగువే.

ఎద్దులబండి చక్రం చూశావు కదా. దాని ఆకులు లావుపాటి కట్టెలు. ఇరుసు మీది బరువును కింది ఆకు స్తంభంలాగా నిలబడి మోస్తుంది. సైకిలు పుల్ల అట్లా కాదు. అది 2 మిల్లీమీటర్ల తీగ. నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కినా వంగిపోతుంది. మోయడం దాని వల్ల కాదు, లాగడం మాత్రం బాగా చేతనవును. మంచిగా కట్టిన వెనక చక్రంలో ఫ్రీవీలు వైపు, అంటే చైను తిరిగే పళ్ళచక్రాలుండే కుడివైపు, ఒక్కో పుల్ల సుమారు 100 కిలోల బిగువుతో రిమ్మును హబ్బు వైపు లాగుతూ ఉంటుంది. ఎడమవైపు అంతకన్నా తక్కువ, 60 దాకా ఉంటుంది. ఫ్రీవీలుకు చోటు ఇవ్వడానికి హబ్బును ఒక పక్కకు జరిపి కట్టడం వల్ల వచ్చే తేడా అది, లోపం కాదు. 36 పుల్లలూ కలిపితే దాదాపు 3 టన్నుల లాగుడు. అన్ని వైపుల నుంచీ సమానంగా లాగుతున్నంత వరకు రిమ్ము కదలకుండా గుండ్రంగా నిలబడి ఉంటుంది.

నువ్వు సీటు మీద కూర్చున్నప్పుడు నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు పుల్లల బిగువు కొంచెం తగ్గుతుంది. చక్రం తిరిగి అవి పైకి రాగానే మళ్ళీ బిగుసుకుంటాయి. నీ చక్రం చుట్టుకొలత 2.1 మీటర్ల దాకా ఉంటుంది, అంటే కిలోమీటరుకు దాదాపు 475 చుట్లు. ఒక రోజు 20 కిలోమీటర్లు తొక్కితే ప్రతి పుల్లా 9500 సార్లు తగ్గి, బిగుస్తుంది. సరైన బిగువు ఉన్న పుల్లకు ఇది లెక్కే కాదు, ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది. వదులుగా ఉన్న పుల్ల మాత్రం ప్రతి చుట్టులోనూ పూర్తిగా జారిపోయి, హబ్బు రంధ్రంలో కదిలి, మళ్ళీ జర్రున లాగబడుతుంది. ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచి తెంపుతాం చూడు, అదే పని అక్కడ కొంచెం కొంచెంగా జరుగుతుంది. అందుకే పుల్ల ఎక్కువగా హబ్బులోకి దూరే వంపు దగ్గర, మెడ దగ్గర తెగుతుంది. బాగా బిగించడం వల్ల తెగిందని చాలామంది అనుకుంటారు. నా చేతుల మీదుగా పోయిన చక్రాల్లో వదులు వల్ల తెగినవే చాలా ఎక్కువ.

ఇప్పుడు వంగిపోయిన రిమ్ముకు బెండు తీయడం అంటే ఏం జరుగుతుందో చూడు. రిమ్ము లోహమే ఒక పక్కకు వంగి అక్కడే ఉండిపోయింది. దాన్ని నేరుగా తిప్పాలంటే మెకానిక్కు ఆ చోట ఒకవైపు పుల్లలను మితిమీరి బిగిస్తాడు, ఎదురువైపు వాటిని వదులు చేస్తాడు. చక్రం తిప్పి చూపిస్తే నేరుగానే తిరుగుతుంది, నువ్వు డబ్బులిచ్చి పోతావు. లోపల మాత్రం మూడు నాలుగు పుల్లలు తాడు తెగేలా బిగుసుకుని ఉంటాయి, వాటి పక్కవి చేత్తో ఊపితే ఊగుతుంటాయి. వారం తిరక్కుండా ఒకటి తెగుతుంది. నీకు నాలుగో రోజు జరిగింది ఇదే అని నా అనుమానం.

నేను ఈ తప్పు చేశాను, దాని వల్ల ఒక మనిషి నష్టపోయాడు. అంగడి పెట్టిన తొలి రోజుల్లో పెన్న అవతలి పల్లె నుంచి ఒకాయన రెండు పెద్ద పాల క్యాన్లు కట్టుకుని ఊళ్ళోకి వచ్చేవాడు. వెనక రిమ్ము వంగింది, కొత్త రిమ్ముకు డబ్బు లేదన్నాడు. సరే అని పుల్లలు లాగి నేరుగా చేసిచ్చాను. పదిరోజులకొకసారి పుల్ల తెగి వచ్చేవాడు. నేను కొత్త పుల్ల వేసి, చుట్టూ సరిచేసి పంపేవాడిని. నాలుగు నెలల్లో ఆయన నాకిచ్చిన డబ్బు కొత్త రిమ్ము ఖరీదు దాటింది. ఒక తెల్లవారుజామున రెండు పుల్లలు ఒకేసారి తెగి, చక్రం ఫ్రేముకు పట్టేసి, పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రిమ్ము నేనే తెచ్చి వేసిచ్చాను. అప్పటి నుంచి వంగిన రిమ్మును బలవంతంగా లాగి ఇవ్వడం మానేశాను, గిరాకీ పోయినా సరే.

అయితే బెండు తీయించడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. మంచి రిమ్ములో ఒక పుల్ల తెగితే, ఆ వైపు లాగుడు తగ్గి రిమ్ము ఎదురువైపుకు పోతుంది. అక్కడ రిమ్ము వంగలేదు, పక్కకు జరిగింది అంతే. కొత్త పుల్ల వేసి బిగిస్తే దాని చోటికి అదే వస్తుంది. అట్లాంటి చక్రానికి రిమ్ము మార్చాలని చెప్పడం అన్యాయం. ఈ రెంటికీ తేడా కనిపెట్టడమే అసలు పని.

ముందు తేలిక పరీక్ష. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, పుల్లలను ఒక్కొక్కటే వేలితో మీటు. తంబుర తీగ మీటినట్టు. ఫ్రీవీలు వైపు పుల్లలను ఒకదానితో ఒకటి పోల్చు, ఎడమవైపు వాటిని వాటితోనే పోల్చు. రెండు వైపులనూ కలపొద్దు, కుడివైపు శ్రుతి ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఒకే వైపు పుల్లలన్నీ దగ్గర దగ్గర శ్రుతిలో పలికితే చక్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటి టంగుమని, దాని పక్కది డబ్‌మని చచ్చిన శబ్దం చేస్తే, చక్రం ఎంత నేరుగా తిరిగినా నమ్మొద్దు. బెండు తీసిన చక్రం నేరుగా కనిపిస్తూ, శ్రుతి మాత్రం తప్పి ఉంటే రిమ్ము వంగిందనడానికి అది గట్టి గుర్తు.

అసలు తేల్చే పరీక్ష ఇంకొకటి ఉంది. టైరు, ట్యూబు తీసేసి, ఎక్కువ వంకర ఉన్న చోట చాక్‌పీసుతో గీత పెట్టు. నిప్పుళ్ళ మీద, అంటే పుల్లలను రిమ్ముకు బిగించే చిన్న మరల మీద, ఒక్కో చుక్క నూనె వేసి కాసేపు ఆగు, లేకపోతే పానా జారి వాటి మూలలు అరిగిపోతాయి. తర్వాత అన్ని నిప్పుళ్ళనూ అర చుట్టు చొప్పున వదులు చెయ్యి. ఒక రౌండు అయ్యాక ఇంకో రౌండు, పుల్లలన్నీ వదులయ్యేదాకా. ఒకే చోట పూర్తిగా విప్పేసి ముందుకు పోవద్దు, బాగున్న రిమ్ము కూడా అక్కడ వంగొచ్చు. నిప్పుల్ ఎటు తిప్పాలో కొత్తవాళ్ళు తికమక పడతారు. టైరు వైపు నుంచి చూస్తే మామూలు మరలాగే కుడికి బిగింపు, ఎడమకు వదులు. హబ్బు వైపు నుంచి చూస్తే తిరగబడినట్టు ఉంటుంది.

అన్నీ వదులయ్యాక చక్రాన్ని నిదానంగా తిప్పి, బ్రేకు రబ్బరు దగ్గర రిమ్ము ఎంత దూరంలో పోతోందో చూడు. చాక్‌పీసు గీత దగ్గర వంకర తనంతట తనే పోయిందంటే రిమ్ము బాగానే ఉంది. మళ్ళీ మొదటి నుంచి సమానంగా బిగించుకుంటూ వస్తే చాలు. పుల్లలు లాగడం ఆపేసినా వంకర అట్లాగే ఉందంటే లోహం వంగిపోయింది, ఇక ఆ రిమ్ముకు ఖర్చు పెట్టొద్దు.

మా అంగట్లో నేల మీద ఒక పెద్ద నాపబండ వేసి ఉంది, ఎర్రగుంట్ల వైపు నుంచి తెప్పించుకున్నది. అద్దంలాగా చదునుగా ఉంటుంది. రిమ్మును పూర్తిగా ఊడదీశాక ఆ బండ మీద పడేసి, ఒక పక్క నొక్కి చూస్తాను. హబ్బు ఉండగా ఈ పని కుదరదు, ఇరుసు అడ్డం వస్తుంది. రిమ్ము బండకు అంటుకుని కూర్చుంటే మంచిది. కొత్త రిమ్ము కూడా ఒక మిల్లీమీటరు దాకా తేడా చూపిస్తుంది, అది పుల్లలతో సర్దుకుంటుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు కనిపిస్తే నేను దాన్ని మళ్ళీ కట్టను. మన జిల్లాలో నాపరాయి గచ్చు లేని ఇల్లు తక్కువ కాబట్టి ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. వెనక ఇరుసును ఊడదీసినప్పుడు అదే గచ్చు మీద దొర్లిస్తే దాని వంకర కూడా తెలిసిపోతుంది.

పక్కకు వంగడం ఒక్కటే కాదు, బండ అంచు తగిలిన చోట రిమ్ము లోపలికి నొక్కుకుపోయి సొట్ట పడి ఉండొచ్చు. చక్రం తిప్పుతుంటే ఆ చోట ఎగిరినట్టు అనిపిస్తుంది, బ్రేకు పట్టినప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి తడబడుతుంది. పక్క వంకరకు పుల్లలతో ఎంతో కొంత చేయొచ్చు, లోపలికి పోయిన రిమ్మును బయటికి తేవడం పుల్లల వల్ల కాదు. అవి లాగుతాయే తప్ప నెట్టవు కదా. అల్యూమినియం సొట్టను కొట్టి తీస్తే ఆ చోట లోహం అలసిపోయి బీట ఇస్తుంది. చాలాసార్లు ఈ సొట్టకు మూలం గాలి తక్కువ ఉండడమే. సర్కారు తుమ్మ ముల్లు దిగి గాలి పోయినా, ఇల్లు దగ్గరే కదా అని తొక్కుకుంటూ పోతాం. దిగి నడిపించుకుంటూ పోతే ట్యూబుతో పోయేది.

నిప్పుల్ రంధ్రాల చుట్టూ గుడ్డతో తుడిచి, వెలుతురులో చూడు. వెంట్రుకంత నెర్రె కనిపించినా రిమ్ము మార్చాల్సిందే. రిమ్ము పక్కల మీద బ్రేకు రాసుకునే చోట ఒక ఇనుప స్కేలు నిలబెట్టి చూడు. స్కేలుకు, రిమ్ముకు మధ్య పల్లంగా సందు ఉంటే ఆ గోడ అరిగి పలచబడింది. కొన్ని రిమ్ముల మీద అరుగుదల గుర్తుగా ఒక గాడి గానీ చుక్క గానీ ఉంటుంది, అది చెరిగిపోయిందంటే పని అయిపోయినట్టే. ఘాటు సంగతి ఇక్కడే వస్తుంది. గువ్వలచెరువు నుంచి కడప వైపు దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు పడుతుంది, ఆ వేడంతా రిమ్ముకే. లోపల ట్యూబు గాలి గోడలను బయటికి తోస్తూనే ఉంటుంది. అరిగిన గోడ, నెర్రె ఉన్న రంధ్రం, బిగువు తప్పిన పుల్లలు, పక్కన లారీలు. ఊళ్ళో పుల్ల తెగితే దిగి నడుస్తావు. ఆ దిగుడులో తెగితే నీ చేతిలో ఏమీ ఉండదు. కొత్త చక్రం కట్టేదాకా దయచేసి ఆ ఘాటుకు పోవద్దు.

ఇదే ముందు చక్రం అయితే నేను ఇంకా కఠినంగా చెప్పేవాడిని. వెనక చక్రం చెడిపోయే ముందు ఊగి, రాసుకుని ఎంతో కొంత హెచ్చరిస్తుంది. ముందు చక్రం పట్టేస్తే మనిషి హ్యాండిలు మీదుగా పడతాడు. ముందు రిమ్ము మీద అనుమానం వస్తే చాలు, మార్చేయ్.

తెగిన మూడో పుల్ల ఇంకా నీ దగ్గర ఉంటే అది ఎక్కడ తెగిందో చూడు. మెడ దగ్గర తెగితే పైన చెప్పిన అలసట. ఫ్రీవీలు వైపు పుల్లల అడుగున గాట్లు కనిపిస్తే, ఎప్పుడో చైను పెద్ద పళ్ళచక్రం దాటి లోపల పడి కోసిందని అర్థం. అప్పుడు గేరు సెట్టింగు కూడా సరిచేయించాలి, లేకపోతే కొత్త పుల్లలకూ అదే గతి.

నీ చక్రంలో మూడు తెగాయి. మిగిలిన 33 కూడా అదే వయసువి, అదే దెబ్బ తిన్నవి. అందుకే కొత్త రిమ్ముకు పాత పుల్లలు వేయించొద్దు అంటున్నాను. రిమ్ము ఒక్కటే దెబ్బతిని, ఏ పుల్లా తెగకుండా, వంగకుండా ఉంటే పాత వాటినే వాడొచ్చు. పాత రిమ్ము పక్కనే కొత్త రిమ్మును టేపుతో కట్టి, రంధ్రానికి రంధ్రం సరిపెట్టి, ఒక్కో పుల్లను ఇందులోంచి అందులోకి మార్చుకుంటూ పోతే అల్లిక చెడదు, పని తొందరగా అవుతుంది. నిప్పుళ్ళు మాత్రం ఎప్పుడూ కొత్తవే, ఇత్తడివే వేయించు.

హబ్బు ఉంచాలా వద్దా అన్నది ఇరుసు మీద ఉండే కోన్లు, వాటి చుట్టూ తిరిగే గోళీలు చూసి చెప్పాలి. ఇరుసు చేత్తో పట్టి తిప్పితే ఇసుకలో తిరిగినట్టు గరగరమంటే విప్పించు. కోను మీద చిన్న చిన్న గుంటలు పడితే కోను మారుతుంది, గోళీలు మారతాయి, ఖర్చు తక్కువే. హబ్బు లోపల గోళీలు తిరిగే కప్పు మీద గుంటలు పడినా, పుల్లలు దూరే అంచు చీలినా హబ్బు పోయినట్టే. అప్పుడు రిమ్ము, పుల్లలు, హబ్బు, కూలీ అన్నీ కలిపితే రెడీమేడ్ చక్రం కన్నా ఎక్కువ పడొచ్చు. ఆ ఒక్క సందర్భంలో రెండో అంగడి ఆయన చెప్పిన 2200 మాట సరైనదే. నువ్వు హబ్బు గురించి ఏమీ రాయలేదు, అది చూపించుకున్నాకే నిర్ణయించుకో.

రెడీమేడ్ చక్రం కొన్నా ఒక పని తప్పదు. మిషను మీద కట్టిన తక్కువ ధర చక్రాలు చాలావరకు నేరుగా తిరుగుతాయి గానీ బిగువు తక్కువతో వస్తాయి. బిగించే ముందే అదే అంగట్లో పుల్లలన్నీ చూసి సమానంగా బిగించమని అడుగు. దానికి వేరే కూలీ అడిగితే బేరమాడకుండా ఇవ్వు, ఆ పని విలువైనది.

రిమ్ము మార్చేటట్టయితే కొలత దగ్గర జాగ్రత్త. పేరుకు 700సీ అయినా రిమ్ముల లోతు ఒకటి కాదు. కొత్త రిమ్ము లోతు ఎక్కువైతే పుల్ల అంతమేర పొట్టిది కావాలి, తక్కువైతే పొడుగుది. వెనక చక్రంలో ఫ్రీవీలు వైపు పుల్ల, ఎడమ పుల్ల కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటుంది. ఒకే పొడుగువి 36 తెచ్చి వేసేస్తే ఒకవైపు మరలు చాలవు, లేదా రెండోవైపు పుల్ల మొన నిప్పుల్ దాటి ట్యూబులో గుచ్చుకుంటుంది. రంధ్రాలు కూడా లెక్కపెట్టు, 32 రంధ్రాల రిమ్ము 36 పుల్లల హబ్బుకు పనికిరాదు.

మీ తాతగారి పాత 28 అంగుళాల సైకిలు గురించి కూడా అడిగావు. ముందు 32, వెనక 40 పుల్లలున్న స్టీలు రిమ్ము అది. స్టీలు ఓర్పు గలది. చిన్న సొట్టను లోపల చెక్క పెట్టి కట్టె సుత్తితో తట్టి తీయొచ్చు, నేను ఇప్పటికీ తీస్తాను. దాని శత్రువు తుప్పు. టైరు తీసి లోపల వైపు చూడు. నిప్పుళ్ళ చుట్టూ తుప్పు పొరలుగా లేస్తుంటే బెండు తీయడానికి పానా పెట్టగానే నిప్పుల్ రిమ్మును చీల్చుకుని వస్తుంది. తుప్పు పైపైన ఉంటే శుభ్రం చేసి వాడుకో.

కట్టించుకున్న చక్రాన్ని తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి పుల్లలు మీటి చూడు. రెండేసి పుల్లలను కలిపి గట్టిగా పిసికి, మళ్ళీ సరిచూసి ఇమ్మని మెకానిక్కును అడుగు. మెడలు హబ్బులో సరిగ్గా కూర్చుంటాయి, మెలి పడిన పుల్లలు సర్దుకుంటాయి. మొదటిసారి తొక్కేటప్పుడు టింగు టింగుమని శబ్దాలు వస్తే భయపడొద్దు, అది సర్దుకోవడమే. ఒక 100 కిలోమీటర్లు తొక్కాక మళ్ళీ తీసుకెళ్ళి బిగువు చూపించుకో. ఆ తర్వాత ఘాటుకు పో. రిమ్ము కొనడానికి పోయేటప్పుడు పాత రిమ్మును, రెండు వైపుల నుంచి తీసిన ఒక్కో పుల్లను చేతిలో పట్టుకుని పో, అంగట్లో కొలత పొరపాటు కాకుండా ఉంటుంది.